ఆముదం దాసరి పురుగులో బదనిక గుడ్డు: దాని రక్తకణాలు ఏం చేస్తున్నట్టు?

ఆముదం చేను (రాజేంద్రనగర్)

అందరికీ నమస్కారం. రాజేంద్రనగర్‌లో ఎం.ఎస్సీ. అగ్రికల్చర్ చేస్తున్నాను, సబ్జెక్టు కీటకశాస్త్రం. మాది నల్గొండ వైపు ఆముదం వేసే ఊరు. మొన్న చేలో దాసరి పురుగులు (ఆముదం ఆకు తినే గొంగళి పురుగులు) ఏరుతుంటే కొన్నింటి వెనక కాళ్ల దగ్గర చిన్న గూడు అతుక్కుని కనిపించింది. స్నెల్లేనియస్ మాక్యులిపెన్నిస్ అనే బదనిక (పురుగుల ఒంట్లో గుడ్డు పెట్టే చిన్న కందిరీగ) పని అది. ఇలాంటి పురుగులు మొక్కకు ఒకటో రెండో కనబడితే మందు కొట్టొద్దని వ్యవసాయాధికారులు చెప్పిన మాట మా ఇంట్లో అందరికీ తెలుసు.

నా సందేహం ఆ గూడు గురించి కాదు, అంతకుముందు జరిగినదాని గురించి. పురుగు ఇంకా చిన్నగా ఉన్నప్పుడే బదనిక దాని ఒంట్లోకి గుడ్డు దించేసింది. గుడ్డు అక్కడే పొదిగింది. పిల్ల ఆ రక్తంలోనే తింటూ పెరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చి గూడు కట్టుకుంది. ఇన్నాళ్లూ పురుగు రక్తకణాలు ఏం చేస్తున్నట్టు? మన కాల్లో ముల్లు విరిగితేనే చీము పడుతుంది కదా. మా పుస్తకంలో ‘హీమోసైట్లు పరాయి వస్తువును చుట్టుముడతాయి’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. చుట్టుముడితే ఈ పిల్ల ఎలా బతికింది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రిటైర్డ్ లెక్చరర్ (తార్నాక)

బాబూ, ముందు రక్తం సంగతి. కీటకాలకు మనలా రక్తనాళాల అల్లిక ఉండదు. వీపు పొడవునా గొట్టం లాంటి గుండె ఒకటి ఉంటుంది. అది తోసిన ద్రవం అవయవాల మధ్య ఖాళీల్లో తిరిగి మళ్లీ గుండెకు చేరుతుంది. అదే హీమోలింఫ్. ఊపిరి పని గాలిగొట్టాలు చూసుకుంటాయి కాబట్టి చాలా కీటకాల్లో ఈ ద్రవానికి ఎరుపుతో పని లేదు. పురుగును నలిపితే పసుపో ఆకుపచ్చో కారేది అందుకే.

ఇందులో తిరిగే కణాలే హీమోసైట్లు, మన తెల్లకణాల పని చేసేవే. గొంగళి పురుగుల్లో ఐదు రకాలు చెబుతారు. మనకిప్పుడు కావలసినవి గ్రాన్యులోసైట్లు, ప్లాస్మటోసైట్లు, ఈనోసైటాయిడ్లు. చొరబడ్డది బ్యాక్టీరియా అంత చిన్నదైతే ఒక్క కణమే మింగేస్తుంది. బ్యాక్టీరియా గుంపుగా వస్తే కణాలు వాటి చుట్టూ ముద్దకట్టి గడ్డలు చేస్తాయి. బదనిక గుడ్డు కణం కంటే ఎన్నో రెట్లు పెద్దది, మింగడం కుదరదు. అప్పుడు గ్రాన్యులోసైట్లు ముందుగా వెళ్లి గుడ్డు మీద వాలి, తమలోని రేణువులను అక్కడ కుమ్మరిస్తాయి. ఆ జిగురు మీదికి ప్లాస్మటోసైట్లు చేరి, పలచగా సాగి, ఒకదాని మీద ఒకటి ఉల్లిపొరల్లా అతుక్కుంటాయి. లోపలి పొరలు నల్లబడతాయి. గుడ్డుకు గాలి అందదు, తిండి అందదు. మీ పుస్తకంలోని ఆ ఒక్క వాక్యం ఇదంతా.

కణాలు పరాయిదాన్ని మింగడం మెచ్నికాఫ్ 1882లో నక్షత్రచేప లార్వాలో గమనించాడు. తర్వాత డాఫ్నియా అనే నీటిప్రాణి ఒంట్లోకి ఈస్టు పరాన్నజీవి దిగితే కణాలు దాన్ని ఎలా పట్టుకుంటాయో చూసి 1884లో అచ్చు వేయించాడు. డాఫ్నియా రొయ్యల బంధువు, కీటకం కాదు. అయినా 1908లో ఆయనకొచ్చిన నోబెల్ బహుమతికి దారి తీసింది ఇలాంటి పారదర్శకమైన చిన్న ప్రాణులే. ప్రతి ఏడూ ఈ పాఠం ఇష్టంగా చెప్పేవాణ్ణి.

బైపీసీ సెకండియర్ (దిల్‌సుఖ్‌నగర్)

సార్, నల్లబడటం ఎందుకు? ఆ నలుపుతో గుడ్డుకు నష్టం ఏంటి?

పండు ఈగల గది (హబ్సిగూడ)

తమ్ముడూ, నేను చెబుతాను. డ్రోసోఫిలా పండు ఈగల మీద పని చేస్తాను.

ఆ నలుపు మెలనిన్. మన జుట్టులో ఉండే రంగు కుటుంబమే. గొంగళి పురుగుల్లో ఈనోసైటాయిడ్లు, పండు ఈగల్లో క్రిస్టల్ కణాలు ఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును నిద్రావస్థలో దాచి ఉంచుతాయి. గాయమైనా పరాన్నజీవి కనబడినా ఆ కణాలు పగులుతాయి. ప్రోటీన్లను కత్తిరించే ఎంజైములు ఒకదాన్నొకటి వరసగా లేపి, చివరికి దీన్ని లేపుతాయి. ఇక టైరోసిన్ నుంచి డోపా, డోపా నుంచి క్వినోన్లు, వాటి నుంచి మెలనిన్. నలుపు గట్టి గోడ కడుతుంది కానీ, అసలు విషం మధ్యలో పుట్టే క్వినోన్లూ, వాటితోపాటు వచ్చే చురుకైన ఆక్సిజన్ రూపాలూ. గుడ్డును చంపడంలో వాటి పాత్ర పెద్దది. అవి పురుగు సొంత కణజాలాన్ని కూడా కాల్చేస్తాయి. అందుకే ఈ వరసను ఎక్కడికక్కడ ఆపే సెర్పిన్లనే ప్రోటీన్లు రక్తంలో ఎప్పుడూ కాపలా ఉంటాయి.

చూడాలనుంటే తేలిక దారి ఉంది. పండు ఈగ లార్వాను 60 డిగ్రీల నీటిలో పది నిమిషాలు ఉంచితే క్రిస్టల్ కణాల్లోని ఎంజైము మేలుకుంటుంది. చర్మం కింద నల్లటి చుక్కలు ఒక్కొక్కటే తేలతాయి. మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కపెట్టుకోవచ్చు.

పండు ఈగలో ఇంకో విశేషం. మామూలు లార్వాలో దాదాపు 95 శాతం ప్లాస్మటోసైట్లు, మిగతావి క్రిస్టల్ కణాలు. లెప్టోపిలినా అనే చిన్న కందిరీగ గుడ్డు పెట్టిందంటే అప్పటిదాకా దాదాపు కనబడని మూడో రకం పుట్టుకొస్తుంది. పేరు లామెలోసైట్లు. వెడల్పుగా, పలచగా, చుట్టుకోవడానికే ఉన్నట్టుంటాయి. కొన్ని లింఫ్ గ్రంథి (లార్వాలో రక్తకణాలు తయారయ్యే చోటు) నుంచి వస్తాయి, కొన్ని అప్పటికే తిరుగుతున్న ప్లాస్మటోసైట్లు రూపం మార్చుకోగా వస్తాయి. ఆ గ్రంథి చివర ఒక చిన్న కణాల గుంపు ఈ ఆజ్ఞ ఇస్తుంది. ఆ గుంపును నిలబెట్టే కొలియర్ జన్యువు లేని లార్వాలో కందిరీగ ఎన్ని గుడ్లు పెట్టినా లామెలోసైట్లు రావు. అవి పుట్టడానికి ఒక రోజు, గుడ్డును పూర్తిగా మూయడానికి మొత్తం రెండు రోజులు. గుడ్డు పొదగడానికీ ఇంచుమించు అంతే పడుతుంది. గంటల లెక్కన జరిగే పందెం ఇది.

ఆముదం చేను (రాజేంద్రనగర్)

అక్కా, సార్, చాలా బాగా అర్థమైంది. అయితే నా మొదటి ప్రశ్న ఇంకా పెద్దదైంది. ఇంత ఏర్పాటు ఉండి మా దాసరి పురుగు ఎందుకు ఓడిపోయింది?

పండు ఈగల గది (హబ్సిగూడ)

ఎందుకంటే బదనిక గుడ్డు ఒక్కదాన్నే దించదు. దాంతోపాటు ఒక వైరస్‌ను కూడా దించుతుంది. నాకు జీవశాస్త్రం మొత్తంలో ఇంతకంటే ఆశ్చర్యమైన విషయం ఇంకొకటి లేదు, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

సుమారు పది కోట్ల సంవత్సరాల కిందట ఈ కందిరీగల పూర్వీకుల్లో ఒకదాని జన్యుపదార్థంలోకి నూడివైరస్ కుటుంబానికి చెందిన వైరస్ ఒకటి చేరి అక్కడే స్థిరపడిపోయింది. ఇప్పుడది కందిరీగ క్రోమోజోముల్లో భాగం, తల్లి నుంచి పిల్లకు వస్తుంది. ఆడ కందిరీగ అండాశయంలో ఒక చోట మాత్రమే వైరస్ కణాలు తయారవుతాయి. వాటి లోపల నిండి ఉండేవి వైరస్ పెరగడానికి పనికొచ్చే జన్యువులు కావు, గొంగళి పురుగును లొంగదీసే జన్యువులు. దీన్ని బ్రాకోవైరస్ అంటారు. పురుగులోకి వెళ్లాక ఇది పిల్లల్ని పెట్టదు. పని చేసి ఊరుకుంటుంది.

ఆ పని ఎక్కడో చూడండి: రక్తకణాల్లోనే. దీన్ని బాగా విప్పి చూసింది మైక్రోప్లైటిస్ డెమోలిటర్ అనే కందిరీగ మీద, అమెరికాలో మైకేల్ స్ట్రాండ్ బృందం. వైరస్ గంటల్లోనే హీమోసైట్లలోకి దూరి జన్యువులు నడపడం మొదలుపెడుతుంది. ముందు వెళ్లి వాలాల్సిన గ్రాన్యులోసైట్లు తమంతట తామే చచ్చిపోతాయి. ప్లాస్మటోసైట్లు బతికే ఉంటాయి కానీ అతుక్కునే గుణం పోతుంది. వైరస్ చేయించే జీఎల్‌సీ 1.8 అనే ప్రోటీన్ కణం పైపొర మీద పరుచుకుంటుంది, ఇక ఆ కణం దేనికీ అంటుకోదు. ఈజీఎఫ్ 1.0 అనే ఇంకో ప్రోటీన్ ఫీనాల్ ఆక్సిడేజ్ మేలుకోకుండా అడ్డుపడుతుంది. అంటే చుట్టడమూ పోయింది, నల్లబరచడమూ పోయింది. రెండు మార్గాలకూ విడివిడిగా తాళం.

మీ స్నెల్లేనియస్ కూడా మైక్రోగాస్ట్రినే ఉపకుటుంబానిదే. ఆ ఉపకుటుంబం బదనికలు ఈ వైరస్‌ను మోసుకుతిరిగేవే. మీ పురుగులో కణాలు ఊరుకోలేదు. వాటి చేతులు కట్టేశారు.

పండు ఈగల మీద పడే లెప్టోపిలినా హెటెరోటోమాది వేరే పద్ధతి. దాని విషంలో వైరస్‌లా కనిపించే రేణువులు ఉంటాయి. అవి కొత్తగా పుట్టిన లామెలోసైట్లను పగలగొట్టేస్తాయి.

రిటైర్డ్ లెక్చరర్ (తార్నాక)

చాలా బాగా చెప్పావమ్మా. ఇంకొన్ని ఎత్తులు కలుపుతాను. మెటారైజియం అనే శిలీంద్రాన్ని మన రైతులు జీవ పురుగుమందుగా వాడతారు. అది రక్తంలోకి దిగాక కొల్లాజెన్ లాంటి ప్రోటీన్ పూత పూసుకుంటుంది, కణాలు దాన్ని పోల్చుకోలేవు. హెటెరోరాబ్డైటిస్ నులిపురుగు తన పేగులో ఫోటోరాబ్డస్ బ్యాక్టీరియాను తెచ్చి పురుగు రక్తంలోకి వదులుతుంది. ఆ బ్యాక్టీరియా విషాలు హీమోసైట్లనే చంపుతాయి. స్ట్రెప్సిప్టెరా అనే పరాన్నజీవి కీటకాల లార్వా అయితే తాను దూరిన పురుగు చర్మపు పొరనే సంచిగా చుట్టుకుని లోపల కూర్చుంటుంది. కణాలకు అది సొంత ఒళ్లే.

మల్బరీ తోట (సిద్దిపేట)

సార్, అక్కా, మీ మాటలన్నీ సదివిన. మంచిగ చెప్తున్నరు. మాకు పట్టుపురుగుల షెడ్డు ఉంది. మాకు వచ్చే కష్టం ఊజి ఈగతోని. పురుగు పెద్దగయినంక, ఆఖరి జ్వరం (అంటే పొర విడిచే నిద్ర) దాటినంక, ఈగ వచ్చి పురుగు చర్మం మీద తెల్లటి గుడ్డు పెడ్తది. రెండు మూడొద్దులకు అది పొదిగి లోపలికి దూర్తది. దూరిన కాడ నల్ల మచ్చ పడ్తది. మా దిక్కు నల్ల మచ్చ చూసినమంటే ఇగ పురుగు పోయినట్టే అనుకుంటం. ఇప్పుడు మీరేమో నలుపు అంటే పురుగు ఎదురు కొట్లాడుతున్నట్టు అంటున్నరు. మరి గా మచ్చ వచ్చిన పురుగు బతకాలె కదా? ఎందుకు బతుకుతలేదు?

పండు ఈగల గది (హబ్సిగూడ)

అన్నా, మీరు అడిగినదానికి జవాబు చూస్తే బదనికల తెలివి ఎంతటిదో తెలుస్తుంది.

ఆ మచ్చ నిజంగా పురుగు ప్రతిఘటనే. చర్మం చిల్లు పడిన చోటికి హీమోసైట్లు చేరి, చుట్టి, నల్లబరచడం మొదలుపెడతాయి. కందిరీగ పిల్ల అయితే దాన్ని ఆపాలని చూస్తుంది. ఊజి జాతి ఈగల పిల్ల ఆపదు, వాడుకుంటుంది. దానికి గాలి కావాలి. తన వెనక భాగంలో ఉన్న ఊపిరి రంధ్రాలను ఆ చిల్లు దగ్గర పెట్టుకుని, తల లోపలికి పెట్టి తింటుంది. చుట్టూ చేరిన కణాలు పొరలు పొరలుగా పేరుకుంటుంటే పిల్ల తన కదలికలతో ఆ పొరను గరాటులా మలుచుకుంటుంది. నల్లగా గట్టిపడిన ఆ గరాటు బయటి గాలికి తెరుచుకుని ఉంటుంది. పురుగు తనను చంపడానికి కట్టిన గోడ దానికి ఊపిరి గొట్టమైంది. టకినిడ్ ఈగల్లో చాలావాటికి ఈ అలవాటు ఉంది, ఊజి ఈగ ఎక్సోరిస్టా బాంబిసిస్ ఆ కుటుంబందే.

కాబట్టి మీ అనుభవమే సరైంది. మచ్చ పడిందంటే పిల్ల లోపల కుదురుకున్నట్టే.

మల్బరీ తోట (సిద్దిపేట)

అబ్బ! ఇన్నేండ్లు గా మచ్చను చూస్తున్న, గిది తెల్వదు. మరి రక్తం గట్టిగున్న పురుగు జాతిని తయారు జేస్తే అయిపోదా? శాస్త్రవేత్తలు ఎందుకు చేస్తలేరు?

బేగంపేట వాసి

ఇదే ప్రశ్న నాకు దోమ గురించి ఉంది. మా ఇంటికి దగ్గర్లోనే రోనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఉంది. 1897 ఆగస్టు 20న ఆయన మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను కుట్టిన దోమను కోసి, దాని కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు చూశాడు. అందుకే ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. ఆ నల్లటి రేణువులు కూడా మీరు చెప్పే మెలనిన్ అయి ఉండాలి కదా? అంటే దోమ రక్తం మలేరియాతో పోరాడుతోందన్నమాట. దాన్ని ఇంకా బలంగా చేస్తే మన దేశంలో మలేరియానే ఉండదు.

పండు ఈగల గది (హబ్సిగూడ)

మీ ప్రశ్నలో రెండు వేరు వేరు నలుపులు కలిసిపోయాయండీ. రాస్ చూసిన రేణువులు హీమోజోయిన్. పరాన్నజీవి మన ఎర్రకణాల్లోని హీమోగ్లోబిన్ తిని మిగిల్చిన రంగు అది. మనిషి రక్తంలో మలేరియా సూక్ష్మజీవిలో కనబడే రేణువులే దోమ కడుపులోనూ కనబడ్డాయి కాబట్టే ఆయన అది మలేరియానే అని గుర్తుపట్టగలిగాడు. దోమ చేసిన మెలనిన్ కాదు.

అయితే దోమ రక్తం పోరాడుతుందన్న మాట నిజం. దోమ చిన్నది, మొత్తం హీమోసైట్లు కొన్ని వేలు దాటవు. రక్తం తాగిన ఒక రోజుకల్లా మలేరియా ఊకినీట్ అనే రూపంలో పేగు గోడను చీల్చుకుని అవతలికి, హీమోలింఫ్ తగిలే వైపుకు చేరుతుంది. చావో బతుకో అక్కడే తేలుతుంది. హీమోసైట్లు తయారుచేసే టీఈపీ1 అనే ప్రోటీన్ ఎల్ఆర్ఐఎం1, ఏపీఎల్1సీ అనే రెండింటిని తోడు పెట్టుకుని రక్తంలో తిరుగుతుంటుంది. అది ఊకినీట్‌ను పట్టుకుంటే పరాన్నజీవి కరిగిపోతుంది. 2017లో తెలిసిన ఇంకో సంగతి: పేగు కణాలు దెబ్బతిన్న చోటును హీమోసైట్లు తాకి, సన్నటి తిత్తులు వదిలితేనే ఈ టీఈపీ1 దాడి సరిగ్గా జరుగుతుంది. అంటే కణం స్వయంగా అక్కడికి రావాలి.

మీరు కోరుకున్న దోమ కూడా ల్యాబులో ఉంది. 1986లో ఆఫ్రికా దోమ అనాఫిలిస్ గాంబియేలో ఊకినీట్లను నల్లగా మూసి చంపేసే వంశాన్ని ఎంపిక చేసి పెంచారు. కానీ మలేరియా కూడా ఊరుకోలేదు. ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవిలో పీఎఫ్ఎస్47 అనే ప్రోటీన్ ఉంటే దోమ దాన్ని పట్టుకోలేకపోతుందని 2013లో తేలింది.

రిటైర్డ్ లెక్చరర్ (తార్నాక)

‘బలమైన రక్తం’ కోరే ఇద్దరికీ ఒక ప్రయోగం చెప్పాలి. 1997లో క్రాయెవెల్డ్, గాడ్‌ఫ్రే పండు ఈగలను అసోబారా టాబిడా అనే కందిరీగకు గురిచేసి, బతికినవాటిని మాత్రమే తర్వాతి తరానికి ఉంచారు. ఐదు తరాలు తిరిగేసరికి గుడ్డును మూసి చంపగలిగేవి 5 శాతం నుంచి 60 శాతానికి చేరాయి. తర్వాత చూస్తే ఆ వంశాల్లో హీమోసైట్లు మామూలు వాటి కంటే దాదాపు రెట్టింపు. బలం అంత తేలిగ్గా వస్తే ప్రకృతిలో అన్ని ఈగలూ అలాగే ఎందుకు లేవు? ఆ లార్వాలు తిండి దగ్గర పోటీలో వెనకబడ్డాయి. కణాలకు పెట్టిన ఖర్చు ఇంకెక్కడో తగ్గింది. దోమకైనా పట్టుపురుగుకైనా ఈ లెక్క తప్పదు.

మల్బరీ తోట (సిద్దిపేట)

సార్, ఒక్క మాట. పండు ఈగలు తిండికి కొట్లాడుకుంటయి, ఒప్పుకుంట. మా షెడ్డుల పురుగుకు తిండి కరువు లేదు కదా. పూటపూటకు ఆకు మేమే ఏస్తం. ఆ ఖర్చు అది భరించగల్గుతది.

పండు ఈగల గది (హబ్సిగూడ)

సార్, అన్న చెప్పినది గట్టి మాటే. ఆ ప్రయోగంలో కూడా తిండి పుష్కలంగా ఉన్నప్పుడు నష్టం కనబడలేదు, కొరత పెట్టినప్పుడే కనబడింది.

నాకున్న అభ్యంతరం వేరు. ఊజి పిల్ల మీద కణాలు ఎక్కువగా చేరితే దాని గరాటు ఇంకా గట్టిపడొచ్చు. కణాల సంఖ్య పెంచితే కందిరీగ గుడ్డు మీద ఫలితం ఉంటుందేమో కానీ ఊజి మీద అదే మందు పనిచేస్తుందని నేను అనుకోను. ఎవరితో పోరాటమో చూసి బలం ఏదో తేల్చాలి.

రిటైర్డ్ లెక్చరర్ (తార్నాక)

తిండి విషయంలో మీ మాటా, అతని మాటా సబబే. కానీ పట్టు కూడా ప్రోటీనే కదమ్మా. కణాలకు పోయే ప్రోటీన్ గూడు బరువులో తగ్గితే రైతుకు గిట్టదు. నా అనుమానం నాకుంది.

మల్బరీ తోటకు: అంతవరకు చేయగలిగింది ఈగను లోపలికి రానీయకపోవడమే. కిటికీలకు, తలుపులకు నైలాన్ వల కట్టండి, గుడ్డు పడిన పురుగును ఎప్పటికప్పుడు ఏరేయండి. 1980లో ఈ ఈగ కర్ణాటకకు చేరి అక్కడి నుంచి దక్షిణాదికి పాకింది. ఊజి ప్యూపాలో గుడ్డు పెట్టే నెసోలింక్స్ థైమస్ అనే బదనికను దాని మీద వాడుతున్నారు. గూళ్లు అమ్మేశాక షెడ్డులో కూడా వదలాలి, నేల పగుళ్లలో ప్యూపాలు మిగులుతాయి.

మల్బరీ తోట (సిద్దిపేట)

వల కట్టినం సార్. నెసోలింక్స్ సంగతి ఈసారి పట్టు పరిశ్రమ ఆఫీసుల అడుగుత.

బైపీసీ సెకండియర్ (దిల్‌సుఖ్‌నగర్)

ఒకసారి రోగం వస్తే మనకు గుర్తుంటుంది కదా, టీకాలు అందుకే. కీటకం కణాలకు అలా గుర్తుంటుందా?

పండు ఈగల గది (హబ్సిగూడ)

మన యాంటీబాడీల వంటివి వాటికి లేవు. కానీ 2010లో దోమల్లో ఒక మాట బయటపడింది. ఒకసారి మలేరియా పరాన్నజీవి పేగు దాటిన దోమ రెండోసారి ఇంకా బాగా తట్టుకుంటుంది. ఆ దోమల్లో గ్రాన్యులోసైట్ల వాటా పెరిగి ఉంది. వాటి హీమోలింఫ్‌ను కణాలు లేకుండా తీసి వేరే దోమకు ఎక్కిస్తే దానిలోనూ అదే మార్పు వచ్చింది. పేగులో బ్యాక్టీరియా లేకపోతే ఇది జరగలేదు. దీన్ని జ్ఞాపకం అనాలా, మేలుకుని ఉండటం అనాలా అన్నది మా ల్యాబులో టీ తాగేటప్పుడు ఇప్పటికీ తేలని వాదన. నేను రెండో పక్షం.

ఆముదం చేను (రాజేంద్రనగర్)

ఇంత చదివాక నా ప్రాజెక్టుకు ఇదే తీసుకుందామనిపిస్తోంది. వైరస్ జన్యువులు చూసే పరికరాలు మా దగ్గర లేవు. మామూలు మైక్రోస్కోపుతో, బదనిక పడిన దాసరి పురుగుకూ మంచి పురుగుకూ తేడా చూపించగలనా అక్కా?

పండు ఈగల గది (హబ్సిగూడ)

చూపించగలవు. అతుక్కునే గుణం పోవడం గాజు మీద కూడా కనబడుతుంది.

పురుగును మంచు మీద కాసేపు ఉంచు, కదలిక ఆగుతుంది. పొట్ట కింది కాలును సన్నటి సూదితో గుచ్చితే లేత ఆకుపచ్చ బొట్టు ఊరుతుంది. నొక్కకు, నొక్కితే కొవ్వు కణాలు, పేగు రసం కలుస్తాయి. బొట్టును శుభ్రమైన స్లైడు మీద తీసుకుని, తడి గుడ్డ వేసిన మూత డబ్బాలో అరగంట ఉంచి చూడు. మంచి పురుగు కణాలు గాజును పట్టుకుని పరుచుకుంటాయి, అంచుల నుంచి సన్నటి కాళ్లు చాస్తాయి, కొన్ని కదురులా సాగి ఉంటాయి. వైరస్ పడిన పురుగు కణాలు గుండ్రంగా ఉండిపోతాయి, స్లైడును కొంచెం వంచితే జారిపోతాయి. ఒకే వయసు పురుగులను తీసుకో. బదనిక పడిన తొలి రోజుల్లో తేడా వెతుకు, గూడు కనబడ్డాక చూస్తే ఆలస్యమైనట్టే. అందుకోసం బదనికలను ల్యాబులో పెంచి, నీ కళ్ల ముందే గుడ్డు పెట్టించుకోవాలి.

నలుపు కూడా పోల్చాలంటే రెండు బొట్లను గాలికి వదిలి ఏది ముందు నల్లబడుతుందో గమనించు. లెక్కపెట్టడానికి తీసే బొట్టు మాత్రం నల్లబడకూడదు కాబట్టి ట్యూబులో కొంచెం ఫీనైల్ థయోయూరియా ముందే వేసుకో. అది బాగా విషం. గ్లవ్స్ లేకుండా సీసా మూత కూడా తీయకు, మీ మేడమ్‌ను పక్కన పెట్టుకుని తూకం వెయ్యి.